లేని ఇంటికి ప్రీమియం

పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజికి మెట్లు పద్దెనిమిదే. చంటిదాన్ని చంకనేసుకుని, రెండో చేత్తో కవరు పట్టుకుని ఎక్కుతున్న ఆ కోడలికి మాత్రం ఆ రోజు అవి ఎనభై అనిపించాయి. పై గదికి బోర్డేమీ లేదు. అక్కడ ఎక్స్ఛేంజ్ అక్క ఉంటుందని ఊరందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు ఆవిడ ఆ గదిలోనే కూర్చుని ఊరి ఫోన్లన్నీ కలిపింది. మిషన్లు వచ్చి ఆపరేటర్లని ఇంటికి పంపేశాక అదే గది అద్దెకు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయింది. పాత స్విచ్‌బోర్డు ఇప్పటికీ గోడవారగా ఉంది. దాని చిల్లుల్లో ఇప్పుడు పెన్నులు గుచ్చి ఉంటాయి.

"రామ్మా, ముందు కూర్చో. పాపకి మంచినీళ్లు కావాలా?" అన్నాడు ఆవిడ అసిస్టెంటు బుకింగ్ బాబాయ్. ఒకప్పుడు సినిమా హాల్లో టికెట్లు అమ్మిన మనిషి. హాలు మూతపడ్డాక అక్క దగ్గర చేరాడు. అక్క పట్టుకున్న కేసులన్నీ ఎవరు అడిగినా అడక్కపోయినా కథలుగా చెబుతుంటాడు.

కోడలు కూర్చోలేదు. "అక్కా, మా ఇల్లు పోయేలా ఉందండీ," అంది. కవరు ఆవిడ ముందు పెట్టింది.

కవర్లో ఒకటే కాగితం ఉంది. ఇంటి బీమా కంపెనీ పంపింది. నిరుడు నాలుగు వేలున్న ప్రీమియం ఈ ఏడు పదకొండు వేలు. కారణం ఒకటే ముక్క: 'మీ ఇంటి వివరాలు తిరిగి పరిశీలించిన మీదట.'

"ఏ వివరాలో అడిగావా?"

"కంపెనీ ఏజెంటు చుట్టూ మూడుసార్లు తిరిగానండీ. లెక్క బయటికి చెప్పరట. కంపెనీ రహస్యమట."

"బాగుంది! ఇల్లు మనది, కట్టే డబ్బు మనది, రహస్యం వాళ్లదా?" అన్నాడు బాబాయ్.

అక్క చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. "కట్టకపోతే ఏమవుతుంది?"

రెండేళ్ల కిందట పైకప్పు మార్చడానికి బ్యాంకులో లోను తీసుకున్నారు. బీమా కూడా అప్పుడే మొదలైంది. అది ఆగితే లోనంతా ఒక్కసారే కట్టెయ్యమంటుంది బ్యాంకు. లేతు మిషన్ మీద పనిచేసే భర్త జీతంతో ఆ ప్రీమియమూ కట్టలేరు, ఆ లోనూ తీర్చలేరు. ఆడపడుచేమో ఈ ఇల్లు అమ్మేసి వాటాలు పంచుకుందామంటోంది. భర్త ఔననలేదు, కాదని కూడా అనలేదు. గడువు ఇంకా పదిరోజులు.

"నేను పెరిగిందంతా అద్దె వాటాల్లోనండీ. పదకొండు ఇళ్లు మారాం. ఎక్కడా గోడకి మేకు కొట్టనిచ్చేవాళ్లు కాదు. ఏడో క్లాసు మధ్యలో ఇల్లు ఖాళీ చేయించారు, నా చదువు అక్కడితో సరి. నాలుగేళ్ల కిందట ఈ ఇంటికి కోడలిగా వచ్చాక మొదటిసారి గోడకి నా చేత్తో మేకు కొట్టుకున్నా. ఆ మేకు పీక్కుని పొమ్మంటే ఎక్కడికి పోనండీ?"

అక్క కాగితం మడిచి స్విచ్‌బోర్డు చిల్లులో గుచ్చింది. అంటే కేసు తీసుకున్నట్టు లెక్క.

మర్నాడు పొద్దున్నే అక్కా బాబాయ్ ఇద్దరూ కోడలి ఇంటికొచ్చారు. వీధి వరండాలో మామగారు కూర్చుని ఉన్నాడు. వడ్రంగం మానేసి చాలా కాలమైనా ఆయన చేతులు మాత్రం పని వెతుక్కుంటూనే ఉంటాయి. కుర్చీ చెయ్యి నున్నగా ఉందో లేదో వేలితో తడిమి చూస్తుంటాడు. అక్క ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యగారూ, పోయిన నెల ఇల్లు చూడ్డానికి కంపెనీ సర్వేయరు వచ్చాడట కదా?"

"వచ్చాడమ్మా. కుర్రవాడు. తడిసి ముద్దయ్యి వచ్చాడు, టీ ఇచ్చా. కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు."

"లోపలికి వచ్చి చూశాడా?"

"వానగా ఉంది కదా..." అన్నాడాయన. తర్వాతి మాట మింగేశాడు.

అక్క తల తిప్పి కోడలిని చూసింది. "ఆ రోజు నువ్వెక్కడున్నావు?"

"చంటిదానికి టీకా వేయించడానికి వెళ్లానండీ. వచ్చేసరికి ఆయన వెళ్లిపోయారు. పెరటి తలుపు వానకి ఉబ్బిపోయి అప్పటికి రెండ్రోజులైంది, నేను కాలితో తన్నినా రాలేదు." కాస్త ఆగి, "ఆ రోజు చంటిది వరండాలో ఏదో నోట్లో పెట్టుకుంది. వేలు పెట్టి తీశా. పెన్సిల్ చెక్కిన పొట్టు, ఎర్ర రంగుది. రంగు కడుపులోకి పోయిందేమోనని సాయంత్రం దాకా దాని నాలుక చూస్తూనే కూర్చున్నా."

"అంత గుర్తుందా!" అన్నాడు బాబాయ్.

"ఇది నోట్లో పెట్టుకున్నవన్నీ నాకు తారీఖులతో గుర్తేనండీ."

బాబాయ్ నవ్వాడు. అక్క నవ్వలేదు. గోడ మీద క్యాలెండరు చూస్తోంది. "పోయిన నెల కాగితం ఏది?"

"టీకా రోజుకి సున్నా చుట్టి పెట్టుకున్నానండీ. ఎలా ఊడిందో, ఎటు పోయిందో! చంటిదే చింపి ఉంటుంది."

ఇంతలో గేటు చప్పుడైంది. ఆడపడుచు వచ్చింది. "ఓహో, డిటెక్టివ్‌ని పెట్టారా? ఇంకేం తమ్ముడి పెళ్లాం గారూ, వాసన చూసే కుక్కని కూడా రప్పించండి."

"కుక్క ఖర్చెందుకు వదినా, మీరున్నారుగా," అంది కోడలు, భయంలోనే నోరు జారి. ఆడపడుచు ఒక్క క్షణం బిత్తరపోయి, పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

పెరట్లో బట్టల తీగ, గచ్చు, మూలన తొట్టి. గచ్చులో నాలుగు చోట్ల జానెడు జానెడు చదరాలు సిమెంటు వేరే రంగులో ఉన్నాయి. బాబాయ్ వాటి మీద అటూ ఇటూ నడిచి చూశాడు.

"ఇవేమిటి?"

ఆడపడుచు గొంతు మెత్తబడింది. "స్తంభాలు అక్కడుండేవి. నాన్న వడ్రంగం షెడ్డు. నేనూ తమ్ముడూ పొట్టు కుప్పలో పడి దొర్లేవాళ్లం. అమ్మ వంటింట్లో కట్టెల పొయ్యి మీద వంట దింపుకుని వచ్చి, ఇదిగో ఇక్కడ చిన్న పీటేసుకుని చెక్కలకి గరుకు కాగితం రుద్దేది. మా జడల్లోంచి రంపపు పొట్టు దులపడానికి అరగంట పట్టేది. అమ్మ పోయిన ఏడాదే నాన్న షెడ్డూ పొయ్యీ రెండూ తీయించేశాడు. ఏడేళ్లయింది. ఇప్పుడీ ఇంట్లో ఏముందని పట్టుకుని వేలాడాలి?"

కోడలు ఆ షెడ్డును ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ నాలుగు చదరాల మధ్య బట్టలారేసేటప్పుడల్లా ఎవరింట్లోనో నిలబడ్డట్టు ఉండేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ బీమా ఆఫీసుకి వెళ్లారు. బాబాయ్ కొత్త చొక్కా వేసుకుని, ఇల్లు కొనబోయే పెద్దమనిషిలా దగ్గుతూ కౌంటరు ముందు కూర్చున్నాడు. కోడలు ఆయన కూతురిలా పక్కన కూర్చుంది. అక్క వెనక బెంచీ మీద దారంతో ఏదో అల్లుకుంటోంది.

"రెండు గదులు, వంటిల్లు, వరండా, సిమెంటు కప్పు. ఎంతవుతుంది బాబూ?"

గుమస్తా మిషన్ నొక్కాడు. "నాలుగు వేలు."

"అదే ఇల్లు, వీధివైపు చిన్న కొట్టుంటే?"

"ఆరు."

"కొట్టొద్దులే. వెనక చెక్క షెడ్డు, నిండా కలప?"

"తొమ్మిది. నిప్పు భయం కదండీ."

"ఆ షెడ్డుకి తోడు వంటింట్లో కట్టెల పొయ్యి?"

గుమస్తా విసుగ్గా నొక్కాడు. "పదకొండు. అసలు మీరు కొనే ఇల్లు ఏదండీ?"

"మా అమ్మాయికి ఏదీ నచ్చట్లేదు బాబూ," అని బాబాయ్ లేచాడు.

బయటికొచ్చాక అక్క దారం ఉండ సంచిలో వేసుకుంది. "లెక్క చెప్పరు, మొత్తం మాత్రం చెబుతారు. నాలుగు మొత్తాలు పక్కపక్కన పెట్టుకుంటే లెక్క దానంతటదే బయటపడింది. అమ్మాయ్, నువ్వుంటున్న ఇంటికి కాదు వాళ్లు డబ్బడిగేది. ఏడేళ్ల కిందటి ఇంటికి."

"ఎవరు చెప్పారండీ వాళ్లకి?"

"రేపు మూడు గంటలకి అందరినీ వరండాలో కూర్చోబెట్టు. ఏజెంటుని నేను రప్పిస్తా. లేని షెడ్డుకి డబ్బు గుంజుతున్నారని టేపు పట్టి కొలిపిస్తానంటే ఫైలు పట్టుకుని పరిగెత్తుకొస్తాడు."

అన్నట్టే మర్నాడు ఏజెంటు వచ్చాడు. ఫైలుని పొట్టకి హత్తుకుని కూర్చున్నాడు. భర్త మధ్యాహ్నం సెలవు పెట్టుకుని వచ్చాడు. ఆడపడుచు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మామగారు తన కుర్చీలోనే ఉన్నాడు. కోడలి ఒళ్లో చంటిది నిద్రపోయింది.

"ఈ ఇంట్లో షెడ్డూ కట్టెల పొయ్యీ ఉన్నాయని ఎవరో కంపెనీకి చెప్పారు," అని మొదలుపెట్టింది అక్క. "బీమా మొదలై రెండేళ్లే, అవి పోయి ఏడేళ్లు. కాబట్టి కంపెనీ పాత కాగితాల్లోంచి ఎక్కలేదు. ఏజెంటుకి తెలియదు, ఆయన ఈ ఊరొచ్చి రెండేళ్లే. కోడలు వాటిని చూడనే లేదు. సర్వేయరు పెరట్లో అడుగే పెట్టలేదు, తలుపు రాలేదు కాబట్టి. ఇక తెలిసినవాళ్లు ముగ్గురు. ఈ ఇంట్లో పుట్టిన పిల్లలిద్దరూ, వాళ్ల నాన్నా."

ఆడపడుచు మొహం ఎర్రబడింది. "తిన్నగా చెప్పండి. ఇల్లు అమ్మమన్నది నేను కాబట్టి నేనే, అంతేగా?"

"కాదమ్మా. నువ్వు అమ్మమని మొహం మీదే అన్నావు. అలా అనేవాళ్లు చాటుగా చెయ్యరు. పైగా షెడ్డు గురించి చెప్పినప్పుడు నీ గొంతు విన్నా. ముప్పై ఏళ్లు గొంతులు విన్న చెవులివి. ఆ షెడ్డుని వాడుకుని తమ్ముణ్ణి ముంచే మనిషికి ఆ గొంతు రాదు." ఏజెంటు వైపు తిరిగింది. "ఫైలు తియ్యండి. మీ రేట్లు దాచుకుంటే దాచుకోండి. ఈ ఇంటి గురించి రాసింది చూసే హక్కు ఈ ఇంటివాళ్లకుంది."

ఏజెంటు గింజుకున్నాడు. "రూల్సు ఒప్పుకోవు మేడమ్..." భర్త కుర్చీ ముందుకు జరిపాడు. అంతే, ఫైలు తెరుచుకుంది.

లోపల మడతపెట్టిన పెద్ద కాగితం. విప్పగానే అందరికంటే ముందు కోడలికి కనిపించింది దాని వెనకవైపు. క్యాలెండరు. టీకా తారీఖు చుట్టూ తను గీసిన వంకర సున్నా.

కాగితం తిప్పారు. ఇల్లు! అడుగులూ అంగుళాలతో సహా, స్కేలు పెట్టి గీసినట్టు గీతలు. వంటింట్లో పొయ్యి. వెనక షెడ్డు, అందులో పని బల్ల, గోడకి రంపాల వరస, నిలబెట్టిన చెక్కలు. ఓ మూల చిన్న చదరం, దాని పక్కన సన్నటి అక్షరాలు: 'పీట'.

"అమ్మ పీట," అంది ఆడపడుచు. ఆమె గుమ్మంలోనే కూలబడింది.

"ఎర్ర పెన్సిలు వడ్రంగి పెన్సిలు. పొట్టు వరండాలో రాలింది ఆ వాన రోజున," అంది అక్క. "ఇందులో దొంగ లేడు. అన్నయ్యగారూ, మిగతాది మీరు చెప్పాలి."

మామగారు తలెత్తలేదు. "బయట వాన, ఇల్లెలా ఉంటుందో మీరే చెప్పండి తాతగారూ అన్నాడా అబ్బాయి. చెప్పడమెందుకు, గీసిస్తానన్నా. మా ఆవిడ పోయాక పెన్సిలు ముట్టుకోలేదు నేను. రెండు గదులు గీశాక చెయ్యి ఆగలేదు. షెడ్డూ పొయ్యీ తీసేశానని తెలుసు, నాకు మతి పోలేదు. కానీ ఆ కాగితం ఇనప బీరువాలో ఏళ్ల తరబడి ఉంటుందన్నాడు. పోనీ అక్కడైనా ఉండనీ అనుకున్నా. ఎక్కడో ఒక చోట ఆ ఇల్లు ఉంటుంది కదా అని." "గీతకో రేటు ఉంటుందని నాకెవరు చెప్పారు? ఇది షెడ్డుకి, ఇది పొయ్యికి అని కంపెనీ పంపిన కాగితం మీద ఒక్క ముక్క రాసుంటే ఆ రోజే చెప్పేవాణ్ణి కదా! అమ్మాయి ఏడుస్తూ తిరుగుతుంటే ఎందుకో తెలియక చూస్తూ కూర్చున్నా."



"ఆయన గీసిందే మేం నమ్మామండీ," అన్నాడు ఏజెంటు.

"నమ్మారా? పెరటి తలుపు తియ్యలేక నమ్మారు. అడిగినవాళ్లకి చెప్పలేక రహస్యమన్నారు. నేరం అదీ," అంది అక్క. "ఇప్పుడు పెరట్లోకి పోయి చూసుకోండి. ఆ తర్వాత మీరు పంపిన ఈ ప్రీమియం కాగితం మీదే రాయండి, ఇంటికెంత, కప్పుకెంత, దేనికెంత అని. ఈ అమ్మాయి చదువుకునేలా, పెద్ద అక్షరాలతో."

పెరట్లో నాలుగు చదరాల మధ్య బట్టలు ఆరుతున్నాయి. ఏజెంటు చూశాడు, తిరిగొచ్చి రాశాడు. కోడలు వేలు పెట్టుకుని ఒక్కో పంక్తీ చదివి, పెదాలతో కూడుకుంది. నాలుగు వేలు. మళ్లీ కూడింది. అంతే వచ్చింది. చంటిదాన్ని భర్త ఒళ్లో పెట్టి, సుత్తి తెచ్చి ఆ కాగితాన్ని క్యాలెండరు పక్కన గోడకి కొత్త మేకుతో కొట్టింది. చంటిది ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది.

"ఇల్లు సరిగా గీసిన కాగితం ఒకటి కావాలండీ, పాతది రద్దు చెయ్యాలి," అన్నాడు ఏజెంటు నసుగుతూ.

"రద్దు చేసుకోండి కానీ, ఆ బొమ్మ మాకిచ్చెయ్యండి," అంది ఆడపడుచు కళ్లు తుడుచుకుంటూ. "నాకు రావాల్సిన వాటా అదే అనుకోరా తమ్ముడూ. అమ్మడం మాట నేనిక ఎత్తను."

అక్క, బాబాయ్ గేటు దాటారు. "అక్కా, ఇది ఇంటర్వెల్ దాకా నేనసలు కనిపెట్టలేకపోయాను," అంటున్న బాబాయ్ గొంతు వీధి మలుపు దాకా వినిపించింది.

మామగారు ఎర్ర పెన్సిలు తీసి, కత్తితో చెక్కాడు. ఈసారి కోడలు పొట్టు మొత్తం ముందే గుప్పిట్లోకి తీసుకుంది. రెండు గదులు పడ్డాయి, వరండా పడింది. పెరట్లో తొట్టి, బట్టల తీగ. వంటింటి దగ్గర ఆయన చెయ్యి ఆగింది. పాత బొమ్మలో పొయ్యి ఉన్న చోటి మీద పెన్సిలు మొన కాసేపు గాలిలోనే నిలిచింది.

"అమ్మాయ్," అన్నాడు తలెత్తకుండా. "నువ్వు పీట ఎక్కడేసుకుంటావు?"

కోడలు చంటిదాన్ని చంక మార్చుకుని, దగ్గరికొచ్చి, కాగితం మీద కిటికీ పక్కన వేలు పెట్టింది.