వ్రతం కోసం మింగిన బిళ్ళలు

తెల్లారేసరికి బిందుమాధవి ఎడమకాలు వాచి బండబారిపోయింది! తెనాలిలో కట్టుకున్న కొత్త ఇంట్లో ఆ రోజే వ్రతం...

"పొయ్యి దగ్గర నిలబడ్డావుగా, అందుకే. కాస్త నూనె రాసి మర్దన చేయించుకో, తగ్గిపోద్ది," అంది అత్తగారు రంగమ్మ. పనిమనిషి అంకమ్మ పిక్క పిసుకుతుంటే బిందు పళ్ళబిగువున ఓర్చుకుంది. ఆ కాలుతోనే పీటల మీద కూర్చుని కథంతా విన్నది. ప్రసాదం పంచుతూ పంచుతూ ఊపిరందక కుప్పకూలిపోయింది!

"మందులేమైనా వాడుతున్నావా అమ్మా?" అనడిగింది ఆస్పత్రిలో డాక్టరమ్మ.

వాడకేం... నెలసరి వాయిదా పడే బిళ్ళలు! శ్రావణ శుక్రవారానికీ, మామగారి ఆబ్దికానికీ, ఆడపడుచు సీమంతానికీ అవే. మడి కట్టుకుని వండేది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే మరి! తేదీ దగ్గరపడితే చాలు, రంగమ్మ మందుల షాపుకి ఫోన్ కొట్టేది. తల పగిలిపోతోందంటే, "అందరూ వేసుకునేవేగా, నీకొక్కదానికేనా నొప్పులు?" అనేది. ఈసారి వ్రతం ముహూర్తం రెండుసార్లు వాయిదా పడింది. బిళ్ళలు నెల దాటి మింగింది.

"అందరికీ ఇలా అవదు, ఆ బిళ్ళలు నీకు పడలేదు. కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. అలాంటి కాలిని మర్దన చేయకూడదు. ప్రాణం దక్కింది, సంతోషించు," అంది డాక్టరమ్మ. భర్త గోపాలకృష్ణ తల దించుకున్నాడు.

"నేనేమన్నా విషం పెట్టానా? దేవుడి పనికేగా," అని రంగమ్మ గొణిగింది.

మర్నాడు, వ్రతానికి రాలేకపోయిన ఆడపడుచు కల్పవల్లి రేపల్లె నుంచి ఫోన్ చేసింది. వదిన ఆస్పత్రిలో ఉన్న సంగతి ఆమెకింకా తెలియదు. కోడలి మంచం పక్కనే కూర్చున్న రంగమ్మ, చెవి సరిగా వినపడదని స్పీకరు పెట్టింది.

"అమ్మా, మా అత్తగారింట్లో పూజ ఉంది. వదిన వేసుకునే బిళ్ళ పేరేంటి?"

కోడలు నిద్రపోతోందనుకుంది రంగమ్మ. "నీకెందుకే ఆ దిక్కుమాలిన బిళ్ళలు? ఒంటికి మంచివి కావు. వస్తే రానీ, పక్కన కూర్చో. దేవుడేం అనుకోడులే."

బిందు కళ్ళు తెరిచింది. కూతురి విషయంలో దేవుడు ఎంత తేలిగ్గా సర్దుకుపోయాడో! ఇన్నేళ్ళూ తనకొక్కదానికే ఆయన అంత కఠినంగా ఉన్నాడా...

"వల్లీ," అంది నీరసంగా, "మీ అమ్మ మాట విను. నాకలా చెప్పేవాళ్ళు లేక వేసుకున్నాను."

రంగమ్మ మొహం పాలిపోయింది.

"అత్తయ్యా, ఈసారి మామయ్యగారి ఆబ్దికానికి వంటమనిషిని చూసుకోండి. ఇక నేను బిళ్ళ ముట్టను."

రంగమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ కన్నీళ్ళు కోడలి కోసమో, వంట ఎవరు చేస్తారనో... బిందుకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.