చెరిగిన మచ్చ

స్కూల్ గేటుకి తాళం!

కోచ్ ఆ తాళాన్ని ఊపుతుంది. లోపల దీపం లేదు. మనిషి అలికిడి లేదు. చేప అసలే లేదు...

చేప అంటే ఆమె దగ్గర ఈత నేర్చుకునే పిల్ల. నీళ్లలో దిగితే ఒడ్డు సంగతి మర్చిపోతుంది కనక ఆ పేరు.

చీకటి. వర్షం. మళ్లీ పిల్ల తల్లికి ఫోన్. ఇందాక ఆవిడ అన్నది స్కూల్ కాదట... పూల్!

"మీరే కదా మేడమ్, ఒంటరిగా రమ్మని దానికి మెసేజ్ పెట్టారు?"

కోచ్ ఏ మెసేజూ పెట్టలేదు.



మొన్న పూల్ వాచ్‌మన్‌ని గుద్ది చంపి పారిపోయిన కారు నంబర్ చూసింది చేప ఒక్కతే. రేపు ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాలి. అందాకా ఆ నంబర్ ఎవరికీ చెప్పొద్దన్నాడాయన.

రేపటిదాకా పిల్ల ఉంటే కదా!

ఇన్‌స్పెక్టర్‌ని తీసుకుని పూల్‌కి వెళ్లమని తల్లికి చెప్పింది. చేపకి ఫోన్ చేసింది. కట్. మళ్లీ చేసింది. కట్!

ఇంతలో కోచ్ తమ్ముడొచ్చాడు. పిలవగానే వాలాడు. తన కారు షెడ్‌లో ఉందని ఎవరిదో తెచ్చాడు.

కారు దూసుకుపోతోంది. చేప బయల్దేరేముందు తల్లికిచ్చిన స్క్రీన్‌షాట్లు, ఆవిడ ఇప్పుడు పంపితే, ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి.

పేరు కోచ్‌దే. ఫోటో ఆమెదే. ప్రొఫైల్ ఆమెదే, పెత్తనం ఎవరిదో!

'నా పాత నంబర్ హ్యాక్ అయింది బంగారం. దాన్నుంచి ఫోనొస్తే ఎత్తకు.'

అదీ సంగతి. పిల్ల తన కోచ్ మాట వినే, తన కోచ్ ఫోన్ కట్ చేస్తోంది.

ఫోటో పెద్దది చేసింది.

కనుబొమ్మ నున్నగా ఉంది... మచ్చ లేదు!

ఆమె మచ్చని ఏనాడూ దాచలేదు. దాన్ని చూసి ఓర్చుకోలేనివాడు లోకంలో ఒక్కడే. చిన్నప్పుడు బంతి విసిరి ఆ దెబ్బ తగిలించినవాడు. ఇప్పుడు ఫోటో స్టూడియోలో ముఖాలు దిద్దుతున్నవాడు. అక్క ఫోటో స్క్రీన్ మీదికి వస్తే చాలు, వాడి చెయ్యి ముందు ఆ మచ్చ మీదికే పోతుంది. ఎవరూ అడగరు. వాడికి తెలియను కూడా తెలియదు.

అది ప్రేమ అనుకుందామె. ప్రేమే.

కారు కుడివైపు తిరిగింది.

"పూల్ ఎడమవైపురా."

"అటు నీళ్లు నిలిచాయక్కా."

"నా మచ్చ ఎందుకు తీసేశావు?"

వైపర్లు కొట్టుకుంటున్నాయి. తమ్ముడు నీళ్లు నములుతున్నాడు, పూల్ ఇంకా రాకముందే.

తర్వాత అంతా కక్కేశాడు. వాచ్‌మన్‌ని గుద్దింది తనేనట. పిల్ల నంబర్ చూసిందని అక్క నోటే విన్నాడట. కావాలని కాదట. నంబర్ మర్చిపొమ్మని పిల్ల కాళ్లు పట్టుకుంటాడట, అంతేనట.

వెనక సీట్లో తువాలు చుట్టిన ఇనప రాడ్డు.

"కాళ్లు పట్టుకోడానికి రాడ్డెందుకురా?"

ఆమె హ్యాండ్‌బ్రేక్ లాగింది!

కారు గిర్రున తిరిగింది... తలుపు తెరుచుకుంది... పరుగు! బురద, గోడ, సందు, గేటు...

పూల్ గట్టు మీద చేప కూర్చుని ఉంది. పక్కనే టార్చ్ లైట్లు. ఇన్‌స్పెక్టర్, తల్లి అప్పుడే చేరారు.

"రమ్మన్నారుగా కోచక్కా," అంది చేప.

వెనకే తమ్ముడు రొప్పుతూ వచ్చాడు. చేతిలో రాడ్డు లేదు. ముఖాన నవ్వు ఉంది. పిల్ల క్షేమమేనా అని అడిగాడు కూడా. సమయానికి అక్కగారిని తెచ్చాడని తల్లి వాడి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

తమ్ముడు అక్కవైపే చూస్తున్నాడు. చెప్పకు అన్నట్టు.

కోచ్ చెప్పింది. దొంగ ఖాతా గురించి, ఎత్తొద్దన్న నంబర్ గురించి, ఎడమకి పోవాల్సింది కుడికి తిరిగిన కారు గురించి, అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

"నా పేరుతో పిలిచింది వీడే. కారు నంబర్ చెప్పమ్మా చేపా."

చేప చెప్పింది. తమ్ముడి కారు నంబరే!

తల్లి ఆ చేతుల్ని వదిలేసింది, కాలినట్టు.

తమ్ముడు పరుగెత్తాడు...

ఢాం!

గాలిలోకి పేలింది ఇన్‌స్పెక్టర్ తుపాకీ. వాడు ఆగాడు. తిరిగి చూసింది తుపాకీ వైపు కాదు.

"నువ్వే పట్టించావా అక్కా... నన్ను?"

కోచ్ చేపని తన వెనక్కి లాక్కుంది.