ఒరవడిలో లేని పదకొండేళ్లు

ఉదయం తొమ్మిదిన్నరకు విశాఖలో, చనిపోయినవాళ్ల మెదళ్లు భద్రపరిచే మస్తిష్క నిధిలో నలభై మంది శిక్షణార్థులు ఒకేసారి కత్తులు అందుకుని, ఒకేలా ముంజేతులు బల్లకు ఆనించి, ఒకేలా తలలు ఎడమకు వంచారు. బయటివాళ్లు చూస్తే నవ్వుకుంటారు. ఆ వంపు వాళ్లది కాదు, అక్కడి పెద్ద డాక్టర్ వరూధినిది. పిల్లలు పలక మీద పెద్దల రాతను దిద్దినట్టు, ఇక్కడ కుర్రవాళ్ల మెదళ్లు ఆమె మెదడు నడకను దిద్దుకుంటాయి. ఆ నడకను నింపి కుర్రవాళ్ల తలలకు పెట్టే టోపీకి అందుకే ఒరవడి అని పేరు పెట్టారు. కిందామీదా పడి పదిహేనేళ్లలో నేర్చేది తొమ్మిది రోజుల్లో చేతికొచ్చేస్తుంది.

ఆ నలభై మందిలో ఒకరైన కోమలి ముందున్న పళ్లెంలో ఆమె చెల్లెలు పల్లవి మెదడు ఉంది.

సొంతవాళ్లది సొంతవాళ్లు కోయకూడదని నియమం. కానీ పల్లవి బతికుండగానే సంతకం పెట్టి మరీ రాసిచ్చింది: "మా అక్కే కొయ్యాలి. వేరేవాళ్లు ముట్టుకుంటే నాకు సిగ్గు." మూర్ఛరోగం ఆ పిల్లను పదేళ్లు పీడించింది. దానికి మూలమైన జన్యువును పట్టుకుంటానని కోమలి ఈ చదువులో చేరింది. మందు రాకముందే చెల్లెలు పోయింది. మూడు రోజులైనా కోమలికి కంట చుక్క రాలేదు. ఇక ఎప్పటికీ రాదేమోనన్నదే ఆమె భయం.

కత్తి పెట్టేముందు దాత పేరు, ఇంటివాళ్లు రాసిచ్చిన ఒక్క మాట పైకి చదవడం అక్కడి ఆచారం. అమ్మ చేతిరాతలో ఉన్న చీటీని కోమలి చదివింది.

"పల్లవి. ఇరవై మూడేళ్లు. పుల్ల ఐసు తిని ఎర్రబడ్డ నాలుక అందరికీ చూపించేది."

గొంతు వణకలేదు. ఒక్క క్షణం ఆగి చూసుకుంది. ఏమీ రాలేదు. కోసింది. పొరలన్నీ సమంగా వచ్చాయి. జన్యువులు చదివే యంత్రానికి ముక్కను పంపి, పని బాగా కుదిరిందనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వేయలేదు.

మధ్యాహ్నం వరూధిని గదికి వెళ్లింది.

"మేడమ్, మీ మెదడు నుంచి ఒరవడి తీసుకున్న రోజుల్లో మీరెలా ఉండేవారు?"

వరూధిని కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "మా అబ్బాయి పోయిన ఏడాదమ్మా అది. వాడి మెదడూ ఇక్కడికే వచ్చింది. ఆ తర్వాత నా చెయ్యి వణకడం మానేసింది. ఇక్కడి కమిటీవాళ్లు చూసి, ఇంత నిలకడ ఇంకెవరికీ లేదు, ఈవిడ మెదడు నడకనే ఒరవడిగా తీసుకోండన్నారు. అందులోంచి నా జ్ఞాపకాలన్నీ ఏరి పారేశారు. మొద్దుబారడం మాత్రం నేర్పే అనుకుని ఉంచేశారు."

"మరి మీకు ఏడుపు వచ్చిందా?"

"పదకొండేళ్లకి. వంకాయలు తరుగుతుంటే వచ్చింది. ఎంతకీ ఆగలేదు."

"ఆ పదకొండేళ్లూ, చివర్న వచ్చిన ఆ ఏడుపూ ఒరవడిలో లేవు కదా మేడమ్?"

"లేవమ్మా." పెద్దావిడ కళ్లు నిండాయి. కోమలి నిలకడగా చెయ్యి చాపి రుమాలు అందించింది.

వరండాలోకి రాగానే అమ్మ ఫోన్.

"నే రాసింది చదివావా?"

"చదివానమ్మా."

"ఏడ్చావా తల్లీ?"

"ఇంకా లేదమ్మా."

"పోనీలే. నీ వంతు కూడా నేనే ఏడుస్తున్నాలే. పని చూసుకో."

కోమలి బల్ల దగ్గరకు తిరిగొచ్చింది. అమ్మ చీటీని దస్త్రంలో పెట్టాలి. పెట్టలేదు, మడిచి జేబులో దాచుకుంది. ఏడుపు వచ్చిన రోజున అది చేతికి దొరకాలి. తర్వాత కత్తి కడుక్కుని, మరో దాత చీటీ అందుకుని చదవడం మొదలుపెట్టింది.