వేలిగోరంత బెల్లం

పోయిన సంవత్సరం మార్చి పద్నాలుగు. ఆ తేదీ సుభద్రమ్మ చచ్చినా మరచిపోదు! కుప్పంలో చెల్లెలి కొడుకు పెళ్లి. భర్త దేవేంద్రప్ప నెయ్యి పోసుకుని నాలుగు పూర్ణం ఓళిగలు తిన్నాడు, పైన గిన్నెడు పాయసం. సాయంత్రానికి గుండె పట్టుకుని కూలబడ్డాడు...

"పదేళ్ల షుగరు గుండె దాకా వచ్చిందమ్మా. ఇంకోసారి గుండెపోటు వస్తే కష్టం. తిండి మీరే చూసుకోవాలి" అన్నాడు డాక్టరు.

చూసుకుంది! పుంగనూరులోని ఆ ఇంట్లో పచ్చళ్ల జాడీలు అటకెక్కాయి. పళ్లెం నిండా ఉండే అన్నం గుప్పెడైంది. ఉలవలు, ఆకుకూరలు, చెంచాతో కొలిచిన నూనె... ఆయనొక్కడికే చప్పిడి కూడు పెట్టడానికి మనసొప్పక తానూ అదే తింది. ఇంత చేసినా, మొన్న మదనపల్లెలో రక్తపరీక్ష చూసి డాక్టరు విసుక్కున్నాడు. "షుగరు ఇంకా పెరిగింది. ఏం పెడుతున్నారమ్మా ఈయనకు?"

దేవేంద్రప్ప గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు! తిరుగు బస్సులో ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. పక్కనున్న ముసలమ్మ ఎవరో, ఏమీ అడగకుండా కిటికీ వైపు చోటిచ్చింది.

ఈ ఉదయం ఆయన మాత్రలు మరచిపోయాడు. ఇచ్చి వద్దామని సుభద్రమ్మ బెల్లం మండీకి వెళ్లింది. రైతులు తెచ్చిన బెల్లం ఏ రకమో చెప్పడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. ఆమె చేరేసరికి ఆయన ఒక దిమ్మె గిల్లి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని "మేలు" అన్నాడు. పక్క దిమ్మె గిల్లాడు...

"ఇంగ నాది సూడప్పా!" అన్నాడు రైతు చెంగయ్య.

సుభద్రమ్మ లెక్కపెట్టింది. పదకొండు... పన్నెండు... చెంగయ్యది పదమూడు!

"ఏమయ్యా! ఏం తింటాండావు నువ్వు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "తినలే సుభద్రా! రుచి సూస్తాండా. వేలిగోరంత... అదీ ఒక తిండేనా?"

"ఇంట్లో నేను నూనె చుక్కలు లెక్కబెడ్తాండా, నువ్వీడ దినామూ బెల్లం మింగతాండావు! మింగకపోతే ఏమి? ఊసెయ్యలేవా?"

"రైతు ఎదురుగానా?" ఆయన గొంతు తగ్గింది. "వాళ్ల కష్టాన్ని వాళ్ల కండ్ల ముందరే ఎట్ల ఊసేదే? ఈ పనే చేసిన మా నాయన కూడా ఊసలే."

"ఆయనా గుండె పట్టుకునే పాయ! డాక్టరు నన్ను తిడతాంటే క్యాలెండరు సూస్తా కూసుంటివే! నా చేతి కూడే నిన్ను సంపుతాందేమో అని ఏడ్వని దినం లేదయ్యా..."

చెంగయ్య లేచి వెళ్లి తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చాడు. ఒక ఖాళీ బక్కెట్టు దేవేంద్రప్ప కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఊసెయ్యప్పా. మాకేం అవమానం? నువ్వు ఉండాలి గానీ!"

దేవేంద్రప్ప చెంబు అందుకున్నాడు. తల వంచుకుని, నోట్లో ఉన్నది బక్కెట్టులో ఊసి, పుక్కిలించాడు. "రెండో రకం" అన్నాడు మెల్లగా.

"ఊసినా కూడా మేలనలేదే!" చెంగయ్య నవ్వాడు.

ఆ సాయంత్రం సుభద్రమ్మ పొయ్యి దగ్గర చిన్న సంగటి ముద్ద చేస్తుంటే, వసారాలో ఆయన మదనపల్లె ఆసుపత్రి నర్సుతో ఫోన్‌లో అరుస్తున్నాడు. "డాక్టరు గారికి చెప్పమ్మా! తప్పు నాది. మా ఇంటామెది కాదు. ఆ చీటీలో రాసుకోండి!"

"ఆ మాట ఆ పొద్దు చెప్పేదానికి నోరు రాలేదా!" అంది లోపల్నుంచి. గొంతులో కోపం ఇంకా ఉంది. కళ్లు మాత్రం మసకబారాయి...

భోజనాలయ్యి సుభద్రమ్మ నిద్రపోయాక ఆయన తన చొక్కా జేబు తిరగేసి, మండీలో గిల్లేటప్పుడు అందులో రాలిన బెల్లం పొడిని గడప అవతల చీమలకు దులిపాడు. ఆమె నిద్ర చెడకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.