గొంగడి మీద సగం మాట

“ఈ పీరియడ్ నాకియ్యండి మేడం. టెన్త్‌కు త్రికోణమితి ఇంకా ముట్టనే లేదు.”

“ఇయ్యను సార్.”

కల్వకుర్తికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఎర్రగుట్టపల్లి ఉన్నత పాఠశాలలో, శనివారం చివరి గంట మోగగానే పదో తరగతి గుమ్మం దగ్గర ప్రతి వారమూ జరిగే సంభాషణ ఇది. గుమ్మానికి లోపల ఉన్నది సాంఘిక శాస్త్రం చెప్పే వర్షిత. ఆ జూన్‌లోనే కొత్తగా ఉద్యోగంలో చేరింది. వెలుపల సుద్దముక్కతో నిలబడినవాడు లెక్కల ఉపాధ్యాయుడు శివకృష్ణ. ఈ ఊరివాడే, గొర్రెల కాపరులకు పెద్ద అయిన పర్వతాలు కొడుకు.

ఆ ఏడాది పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ప్రార్థన సమయంలో రాజ్యాంగ పీఠిక చదివించాలి. వారానికొక పీరియడ్ రాజ్యాంగ పాఠం తప్పనిసరిగా చెప్పాలి. చాలా బడుల్లో ఆ పీరియడ్ కాలపట్టికలో పేరుకు మిగిలి, నెల తిరక్కుండానే లెక్కలలో కలిసిపోయింది. ఇక్కడ మాత్రం కలవలేదు.

“దానికి పరీక్షల ఎన్ని మార్కులు మేడం?”

“ఒక్కటి కూడా లేదు.”

“మరెందుకు?”

“మీ త్రికోణమితితో వీళ్లు ఎవరినన్నా ప్రశ్న అడగగలరా సార్?”

“చెట్టు ఎంత ఎత్తున్నదో అడుగుతరు.”

“చెట్టు జవాబు చెప్తదా?”

తరగతి గొల్లున నవ్వింది. శివకృష్ణ సుద్దముక్కను జేబులో వేసుకొని వెనుదిరిగాడు. ఓడిపోయిన మనిషి ముఖంలో అంత సంతోషం ఎందుకున్నదో ఆ పిల్లలకు అప్పటికే తెలుసు, వర్షితకే తెలియదు.

ఆగస్టులో ఒక సాయంత్రం, బస్సు రాక, వాన ఆగక, ఇద్దరూ బస్‌షెల్టరులో చిక్కుకున్నారు. మాటల్లో మాటగా అతడు తమవాళ్ల పంచాయితీ సంగతి చెప్పాడు.

“మా దాంట్ల నడుమ నల్ల గొంగడి పరుస్తరు మేడం. దాని మీద నిలబడ్డోళ్లు అబద్ధమాడొద్దు. కింద కూసున్నోళ్లు అడ్డం రావొద్దు. పేదోడైనా, పెద్దోడైనా గంతే.”

“అంటే నేను చెప్పే పాఠం మీ ఊర్ల ముందునుంచే ఉన్నదన్నట్టు.”

ఆమె కళ్లు మెరిశాయి. తడిసిన సంచిలోంచి పుస్తకం తీసి ఆ మాటలన్నీ రాసుకుంది. ఆడవాళ్లు ఆ గొంగడి మీద అడుగుపెట్టరన్న చివరి వాక్యం శివకృష్ణ నాలుక మీదికి వచ్చింది. ఆ మెరుపు ఆరిపోతుందేమోనన్న భయంతో దాన్ని అతడు మింగేశాడు.

మరుసటి శనివారం వర్షిత పీఠికలోని భావప్రకటన స్వేచ్ఛను గురించి చెబుతూ గొంగడినే ఉదాహరణగా చూపించింది. రెండో బెంచీలో కూర్చున్న పుష్ప తలెత్తకుండా రాసుకుంది.

పుష్ప తల్లి అండాలు. భర్త పోయి ఏడాది. అతని గొర్రెలను ఆమే కాస్తున్నది. ఆ మందను తన మందలో కలపాలని మరిది హనుమంతు ఆదివారం గొర్రెల సంఘం వరండాలో పంచాయితీ పెట్టించాడు. వదిన తరఫున కూడా తానే గొంగడెక్కి, ఆమె ఒప్పుకున్నదని చెప్పాడు. అండాలు దూరంగా స్తంభం వెనుక కూర్చున్నది. అప్పుడు పుష్ప నోటుపుస్తకంతో లేచి, నేరుగా వచ్చి గొంగడి మీద నిలబడింది.

“మా అమ్మను ఎవరడిగిన్రు?”

ఒక్కసారిగా గోల లేచింది. “గిది నీకెవరు నేర్పిన్రు?” అన్నాడు హనుమంతు.

“సోషల్ మేడం. గొంగడి మీద ఎవరన్న మాట్లాడొచ్చని చెప్పింది.”

ఆ రోజు ఏ తీర్పూ లేకుండానే అందరూ లేచిపోయారు. మూడో వరుసలో ఉన్న శివకృష్ణ నోరు తెరవలేదు.

తెల్లవారేసరికి అర్జీ సిద్ధమైంది: ఈ పంతులమ్మ మా రివాజును అవమానించింది, పిల్లలను చెడగొడుతున్నది, వెంటనే బదిలీ చేయాలి. నలభై సంతకాలు పడ్డాయి. పర్వతాలు సంతకం ఒక్కటే మిగిలింది. అది పడితే తాను చేయగలిగేదేమీ ఉండదని హెడ్మాస్టర్ పరమేష్ వర్షితకు చెప్పేశాడు.

ఆమె స్టాఫ్‌రూమ్‌లో శివకృష్ణ ఎదుట నిలబడింది.

“ఆడవాళ్లు నిలబడరన్న సంగతి నాకెందుకు చెప్పలేదు సార్?”

అతడు బల్ల వైపు చూశాడు.

“పుష్ప మాట్లాడినప్పుడు మీరు అక్కడ ఉన్నరా?”

“ఉన్న.”

“ఒక్క మాటన్న అన్నరా?”

“అనలే.”

“ఆ పిల్లకు పదిహేనేండ్లు.” ఆమె డబ్బాలోంచి ఒక సుద్దముక్క తీసి అతని ముందు పెట్టింది. “ఈ శనివారం పీరియడ్ మీరే తీసుకోండి. నేనుండకపోవచ్చు.”

ఎనిమిది వారాలుగా అడిగినది దక్కింది. అతడు దాన్ని ముట్టుకోలేకపోయాడు.

గురువారం సాయంత్రం గొర్రెల సంఘం వరండాలో మళ్లీ గొంగడి పరిచారు. వర్షితను పిలిపించారు, ఆమె మెట్ల దగ్గరే ఆగిపోయింది. పైన రేకుల మీద తుంపర మొదలైంది. హనుమంతు అర్జీ కాగితాన్ని పర్వతాలు మోకాలి మీద పరిచి, పెన్ను మూత తీసి ఇచ్చాడు.

“బాపూ, జర ఆగు. నా మాటొకటున్నది.”

శివకృష్ణ చెప్పులు విడిచి గొంగడెక్కాడు.

“గొంగడి ముచ్చట మేడంకు చెప్పింది నేను. సగమే చెప్పిన. ఆడోళ్లు నిలబడరన్నది దాచిన. ఆమెకు తెల్వదు. తప్పు నాది.”

“ఎందుకు దాచినవ్?” అన్నాడు హనుమంతు.

“సిగ్గయింది.”

“మన రివాజు చెప్పుకోనీకి సిగ్గెందుకు?”

శివకృష్ణ కాళ్ల కింది గొంగడి వైపు చూశాడు. రేకుల మీద వాన చప్పుడు పెరిగింది.

“గొంగడి మీదున్నవ్ బిడ్డా,” అన్నాడు పర్వతాలు. ఆయన గొంతు మెత్తగా ఉంది. కొడుకుకు చిన్నప్పటినుంచీ భయం పుట్టించేది ఆ మెత్తదనమే.

“ఆమె ముంగట మనం తక్కువ కావొద్దనుకున్న.”

“మనమంటే ఊరా, నువ్వా?” స్తంభాల వెనుకనుంచి అడిగింది తల్లి గుర్వమ్మ.

అతడు కళ్లు మూసుకున్నాడు. “నేనే.”

“గా పిల్లంటే ఇష్టమా?”

“ఇష్టమే అమ్మా.”

“ఆమెకెరుకేనా?”

“గిప్పుడే ఎరుకయింది.”

ఆడవాళ్ల వైపు నవ్వులు పుట్టాయి. మగవాళ్ల వైపు ఒక్కటీ లేదు. మెట్ల దగ్గర వర్షిత చెంగును వేలికి చుట్టుకుంటూ, మళ్లీ విప్పుతూ నిలబడింది.

“ఇది పంచాయితీయా, పిల్లను చూసుడా? సంతకం పెట్టు పెద్దయ్యా,” అన్నాడు హనుమంతు.

పర్వతాలు పెన్నును వేళ్ల మధ్య చాలాసేపు తిప్పాడు.

“నలభై ఏండ్లసంది గీ గొంగడి పక్కన కూసుంటున్న. దీని మీద అబద్ధమాడినోన్ని చూడలే అనుకున్న. సగం మాట చెప్పినోళ్లు ఎంతమందో ఇయ్యాల సమజయితాంది. నా కొడుకు ఒకడు.” ఆయన హనుమంతు వైపు తిరిగాడు. “వదిన ఒప్పుకున్నదన్నవ్. గది సగమా, మొత్తమా?”

హనుమంతు చూపు తిప్పుకున్నాడు.

“పంతులమ్మా, చెప్పులు విడిచి రా.”

స్తంభాల వెనుక ఆడవాళ్లు తలలెత్తారు. వర్షిత ఒక చెప్పు విడిచి, రెండోది విడవబోతూ ఆగింది.

“ముందు అండాలమ్మను రానీయుండ్రి. మంద ఆమెది. నా ముచ్చట తర్వాత.”

ఆ మాటతో తన బదిలీ అర్జీ మీద పర్వతాలు చేత తానే సంతకం పెట్టించుకుంటున్నదేమోనని శివకృష్ణ భయపడ్డాడు. పర్వతాలు కనుబొమలు ముడిచాడు. తర్వాత స్తంభం వైపు తల ఊపాడు.

అండాలు వచ్చింది. గొంగడి అంచున ఆగి, కూతురి ముఖం చూసి, పైకి అడుగేసింది.

“నేనొప్పుకోలే. నా మందను నేనే కాసుకుంట.”

అంతే చెప్పి దిగిపోయింది. పర్వతాలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని, పెన్నుకు మూత పెట్టి హనుమంతుకు తిరిగిచ్చాడు.

“అండాలు మంద అండాలుదే. ఇగ పంతులమ్మా, శనివారం నేను గూడ బడికొస్త. నువ్వు చెప్పే పాఠం మొత్తం వినాలె. సగం కాదు.”

మగవాళ్లు లేచి గొంగడి అంచు పట్టుకున్నారు.

“మడవకున్రి,” అన్నది గుర్వమ్మ. “పంతులమ్మ ఒంటి చెప్పు మీదనే ఉన్నది.”

వర్షిత రెండో చెప్పు కూడా విడిచి గొంగడెక్కింది. కాళ్ల కింద ఉన్ని గరుకుగా, వెచ్చగా ఉన్నది. ఎదురుగా శివకృష్ణ ఇంకా దిగలేదు.

“సారు నాలుగు రోజులు నోరు మెదపలేదు. నాకింకా కోపం పోలేదు,” అన్నది ఆమె. “ఇది నిజం.”

“ఇంకా?” అన్నది గుర్వమ్మ.

“శనివారం చివరి పీరియడ్ ఎన్నటికీ ఇయ్యను. ఇది కూడా నిజం.”

“ఇంకా?”

వర్షిత తల వంచుకుంది. గొంగడి మీద అబద్ధమాడకూడదు. సగం మాట కూడా పనికిరాదని ఇప్పుడే తేలింది.

“మిగిలినయన్నీ అడగొచ్చు. నార్కట్‌పల్లి చౌరస్తాల మా నాయిన టీ హోటల్ నడుపుతడు. ముందు ఆయన్ని అడగాలె.”

“ఎప్పుడు రావాలె?” అన్నాడు శివకృష్ణ.

“ఆదివారం రండి. శనివారం నాకు క్లాసున్నది.”