నాలుగు మూలల కపాలం

మిట్టమధ్యాహ్నం... ఆకాశం కాటుక ఒలికినట్టు నల్లబడింది. ఎక్కడో భయంకరంగా పిడుగు పడింది. స్టూడియోలో కరెంటు పోయింది. అయినా లోపలిగదిలో ఒక్క కంప్యూటరు వెలుగుతూనే ఉంది... దేన్ని తాగి వెలుగుతోందో ఆ దేవుడికే తెలియాలి!

తెర మీద ఒక పాడుబడిన గోడ. తెర ముందు అక్క. ఆటలకూ సినిమాలకూ ఇలాంటి గోడలు పుట్టించడమే ఆమె ఉద్యోగం. చేత్తో గీయదు. నాయిస్ అనే లెక్కల మచ్చల్ని చల్లి, తెర మీది మీటలు జరిపి, గరుకు పెంచి, మరక తగ్గించి, నిజం గోడే అనిపించేలా చేస్తుంది. ఒక్క చదరపు పలక చేస్తే చాలు. దాన్నే పక్కపక్కన పేర్చుకుంటూ పోతే ఎంత కోటకైనా సరిపోతుంది. పలకకూ పలకకూ మధ్య అతుకు కనబడకూడదు, అంతే.

ఇవాళ ఆ పలకలో ఆమె చెల్లెలి ప్రాణం ఉంది.

ఒళ్లు మాత్రం పక్క కుర్చీలో, తెల్లగుడ్లు తేలేసి, కొయ్యబొమ్మలా కూర్చుని ఉంది. దాని తలవెంట్రుకలు కాల్చి, ఘోరమంత్రోచ్చారణతో ప్రాణాన్ని ఆ మచ్చల్లోకి లాగినవాడు స్టూడియో యజమాని... అందరూ మాస్టారని పిలిచే మాంత్రికుడు! అతను ఉపాసించే క్షుద్రశక్తి ఒక కపాలం. దాని బొమ్మను నాలుగు ముక్కలు చేసి పలక నాలుగు మూలలా బంధించాడు. ముక్కలుగా ఉన్నంతకాలం అది తన పెంపుడు కుక్కేనని మురిసిపోయేవాడు.

"అతుకు మూసెయ్," అన్నాడు, తలుపు తాళం వేసి. "ఇక నీ చెల్లెలు బయటికి రాదు. ఈ గోడ ఎన్ని ఇళ్లలో వెలిగితే అన్ని ప్రాణాలు నావి. కాదన్నావో, పక్క పలక నీకే."

అతనికి మీటలు ముట్టుకోవడం రాదు. పని చెప్పడం, అయ్యాక కింద తన పేరు వేసుకోవడం... ఆ విద్య వరకే వచ్చు.

అక్క ఒక మీట జరిపింది. మచ్చలు చిన్నవయ్యాయి. కుర్చీలో ఒళ్లు ముడుచుకుపోయి మూలిగింది. గోడ మీద ఒక మరక పెదవుల్లా కదిలింది.

"అక్కా... ఇక్కడ ఇరుకుగా ఉందే."

అక్క మాస్టారి వైపు తిరిగింది.

"అతుకు అంచులో ఉందండీ. కనబడాలంటే పలకను సగం దూరం జరపాలి. అంచులు నడిమికొస్తాయి. రోజూ చేసేదే."

"ఏదో ఒకటి ఏడు. త్వరగా."

అడ్డంగా సగం జరిపింది. కుడివైపు పోయిన గోడ ఎడమనుంచి వచ్చింది. నిలువునా సగం జరిపింది...

నాలుగు మూలలూ నట్టనడుమ కలుసుకున్నాయి. నాలుగు ముక్కలూ ఒక్కటయ్యాయి!

అఖండ కపాలం... కళ్లగుంతల్లో ప్రళయాగ్ని... నేరుగా మాస్టారినే చూస్తోంది!

మంత్రం నాలుక మీదే ఎండిపోయింది. తలుపు దగ్గరికి పరుగెత్తాడు. తాను వేసిన తాళమే... చేతుల్లోంచి తాళంచెవి జారింది. వెనకనుంచి బూడిదరంగు మచ్చలు పాదాలు పట్టుకుని, నడుమెక్కి, అరుస్తున్న నోట్లోకి దూరాయి. కపాలం అతన్ని గోడలోకి ఈడ్చుకుపోయింది. అదే క్షణాన నడుమ నల్లగా తెరుచుకున్న అతుకులోంచి సన్నని ఊపిరి ఒకటి బయటపడింది.

కుర్చీలో చెల్లెలు దగ్గింది.

కరెంటు వచ్చింది. గోడ మీద కొత్త మరక, నోరు తెరుచుకుని, అతుకు వైపు పాకుతోంది.

"ఇంటికి పోదాం అక్కా."

"ఉండవే, చిన్న పని మిగిలింది."

అక్క కుర్చీ ముందుకు లాక్కుంది. అతుకు మూసేసింది... ఎన్నడూ లేనంత శ్రద్ధగా.