ఎర్త్ అందని బండి

“జామర్ వ్యాన్ ఆగితే ఆరుగురు చచ్చిపోతారు,” అన్నాడు చీఫ్ రవికుమార్ ఫోన్‌లో. ఆయన బ్రీఫింగులకు ముందుమాట ఉండదు.

2006 వేసవి. పాల్వంచ గెస్ట్‌హౌస్‌లో దిగిన ఆరుగురు రక్షణ శాస్త్రవేత్తలు ఆ ఉదయం అడవి దారిలో భద్రాచలం వెళ్ళాలి. దారిలో ఏదో కల్వర్టు కింద ‘కోబాల్ట్’ అనే విదేశీ ముఠా రిమోట్ బాంబు పెట్టింది. ఏ కల్వర్టో తెలియదు. ముందు నడిచే వ్యాన్‌లో జామర్ పనిచేస్తున్నంతసేపూ ఏ రిమోటూ పనిచేయదు. ఆ జామర్‌కు కరెంటు ఇచ్చేది వ్యాన్ వెనక ఉన్న రెండో బ్యాటరీ. తెల్లారేసరికి దాని చార్జి దిగిపోయింది.

“ప్రయాణం ఆపేయొచ్చు కదా సార్?”

“ఆపితే మనకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలుస్తుంది, తప్పించుకుపోతారు. వ్యాన్ నీ షెడ్డుకే వస్తుంది. డ్రైవర్ వీరబాబు ముఠా మనిషి, అది ఖాయం. వాడితో పాటు జామర్ కంపెనీ ఇంజనీర్ వస్తుంది. ఉషారాణి.”

ఆ దారిలోనే మెకానిక్ వేషంలో షెడ్డు నడుపుతున్న ఏజెంట్ మోతీలాల్ ఫోన్‌ను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు.

“మూడేళ్ళ కిందట మనమే ఆమెను ముఠాలోకి పంపాం. ఇప్పుడు ఎవరి మనిషో నాకే తెలీదు. నువ్వు తేల్చు. నీ మీటర్‌లోనే సిగ్నల్ ఉంది. నాబ్ ఎడమ చివరికి తిప్పితే మనవాళ్ళు కాల్చేది డ్రైవర్ ఒక్కణ్ణే. కుడి చివరికి తిప్పితే ఇద్దర్నీ. టీకొట్టు దగ్గర మనవాళ్ళుంటారు. సిగ్నల్ అందాక వాళ్ళేమీ అడగరు.”

మూడేళ్ళ కిందట, ఆ పని మీద పోయే ముందు, ఉషారాణి కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్స్‌లో ఏడాదిపాటు మోతీలాల్ భార్యగా నటించింది. ఎక్కడ మొదలుపెట్టాలో డిపార్ట్‌మెంట్ చెప్పింది. ఎక్కడ ఆపాలో చెప్పలేదు. ఆమె వెళ్ళాక ఒక్క కబురూ రాలేదు. రాకూడదని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకోదు. రాని కబురు మీద అతను రోజుకో అర్థం రాసుకుంటూ పోయాడు. చివరికి మిగిలిన అర్థం ఒక్కటే: ఆమె అవతలి మనిషి అయిపోయింది.

వ్యాన్ షెడ్డులోకి వచ్చింది. ముందు వీరబాబు దిగాడు. వెనకే నల్లకళ్ళద్దాలు, లేత నీలం చీర, ఆ దుమ్ములోనూ ముందే వచ్చి తాకే సెంటు వాసన.

“మోతీలాల్ గారంటే మీరేనా?” అంది ఉషారాణి.

“అవ్ మేడమ్.”

ఇద్దరూ బాగానే నటించారు. అలవాటున్న పని.

“గా చార్జర్ డబ్బా పోయిందన్నా,” అన్నాడు వీరబాబు. “మేడమ్ కొత్తది తెచ్చింది. ఇగ జల్దీ మార్చెయ్యి. కాన్వాయ్ లేటయితే నా నౌకరీ పోతది.”

“మారుస్త. చూడనియ్యి ముందు.”

“ఏం చూస్తవన్నా? ఈడ ఏది పోయినా డబ్బా మార్చుడే కదా.”

టీకొట్టు ముత్తక్క గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. “ఏంది తమ్మీ, బండిని చూస్తున్నవా, మేడమ్‌ను చూస్తున్నవా?”

“బండినే అక్కా.”

“గట్లయితే కండ్లు అటెందుకు పోతున్నయ్?” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మోతీలాల్ ఇంజన్ స్టార్ట్ చేయించి మీటర్ పట్టాడు. ముందున్న ఇంజన్ బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టులు దాటింది. అక్కణ్ణుంచి రెండో బ్యాటరీని నింపే డబ్బా, చార్జర్ మాడ్యూల్. దానిలోకి కరెంటు బాగానే వెళుతోంది. బయటికి మాత్రం రావడం లేదు. ఎవరైనా మాడ్యూల్ పోయిందనే అంటారు.

అతనికీ అలా అనాలనే ఉంది. మాడ్యూల్ దానంతటదే పోయి ఉంటే ఎవరూ ద్రోహి కానక్కర్లేదు. చేయి మాత్రం మనసు మాట వినలేదు. మీటర్ తీగ ఒకటి బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకొకటి మాడ్యూల్ నుంచి కరెంటు తిరిగి వెళ్ళే ఎర్త్ వైరుకి పెట్టింది. ఎర్త్ బాగుంటే సున్నా చూపాలి. రెండు వోల్టులు చూపింది.

లోపం మాడ్యూల్‌లో లేదు. దానికి ఎర్త్ అందడం లేదు.

బోల్టు విప్పాడు. వైరు చివరి రింగు కింద అద్దంలాంటి పల్చని పొర. గోటితో గీకితే పొట్టులా లేచింది. రంగులేని నెయిల్ పాలిష్.

మంచి మాడ్యూల్‌ను పోయినట్టు చూపించారు. దాని స్థానంలో ఆమె తెచ్చినది పెడితే షెడ్డులో పనిచేస్తుంది. అడవి మధ్యలో ఆగిపోతుంది.

తలెత్తాడు. ఉషారాణి అతని వేళ్ళవైపే చూస్తోంది. కళ్ళద్దాలు తీసింది. నవ్వింది.

ఆ నవ్వును అతను ఒక్క క్షణం చూశాడు. ‘కనిపెట్టావులే, ఇప్పుడేం చేస్తావు’ అన్నట్టు తోచింది.

వ్యాన్ రేడియోలో కోడ్ మాట వచ్చింది: “తలంబ్రాలు బయల్దేరాయి.” కాన్వాయ్ గెస్ట్‌హౌస్ గేటు దాటింది.

మోతీలాల్ నాబ్‌ను కుడి చివరికి తిప్పాడు.

టీకొట్టు బెంచీ మీది ఇద్దరూ లేచారు. వీరబాబు చెయ్యి నడుం దగ్గరి రివాల్వర్ మీదికి పోయింది. మూడు తూటాలు పేలాయి. వీరబాబు పడ్డాడు. పక్కనే నీలం చీరా పడింది. ఆమెను జీపులో ఖమ్మం దవాఖానాకు ఎక్కిస్తుంటే అతను చూడలేదు. సాండ్ పేపర్‌తో రింగు రుద్దుతున్నాడు. బోల్టు బిగించాడు. రెండో బ్యాటరీ దగ్గర మీటర్ పద్నాలుగుకు ఎక్కింది. వ్యాన్ తనే తోలుకుంటూ కాన్వాయ్ ముందు చేరాడు.

అడవిలో మూడో కల్వర్టు దగ్గర పొదల్లో ఒకడు రిమోట్ నొక్కుతూనే ఉన్నాడు. ఏమీ పేలలేదు. కార్లన్నీ దాటిపోయాయి. వెనక వచ్చిన పోలీసు దళం వాణ్ణి బటన్ మీద వేలుతోనే పట్టుకుంది.

గోదావరి వంతెన దాటి వ్యాన్ ఆపాడు. పక్క సీటులో ఆమె హ్యాండ్‌బ్యాగ్ ఉంది. తెరిచాడు. లోపల లిప్‌స్టిక్ ఆకారంలో ముఠా వాళ్ళ పరికరం. దాన్ని ఆనించి నొక్కితే ఎలాంటి సర్క్యూటైనా లోపల మాడిపోతుంది. దాని సీలు విప్పి లేదు.

ముఠా ఆమెకు చెప్పిన పని మాడ్యూల్‌ను కాల్చేయడం. నిజంగా కాల్చి ఉంటే ఎర్త్ సరిగ్గానే ఉండేది. అతను అనుమానం లేకుండా ఆమె తెచ్చిన డబ్బా బిగించేవాడు. ఆమె కాల్చలేదు. పోయినట్టు కనిపించేలా ఎర్త్ రింగు కింద పాలిష్ పూసింది. కొత్తగూడెంలో పాత స్కూటర్ బాగుచేస్తూ, “డబ్బాను తిట్టేముందు ఎర్త్ చూడు” అని అతను ఎన్నిసార్లు విసిగించాడో ఆమెకు గుర్తుంది. వీరబాబు పక్కనుంచి కదలకుండా ఉంటే, ఆమె అతనికి చెప్పగలిగిన మాట ఆ పాలిష్ చుక్క ఒక్కటే. అది అతనికి చేరిందని నవ్వింది.

ఫోన్ మోగింది.

“ఉషారాణి దారిలోనే పోయింది,” అన్నాడు చీఫ్. “ఆమె మన మనిషేనని ఢిల్లీ వాళ్ళు ఇప్పుడు చెప్తున్నారు. పోనీలే, ఆరుగురు బతికారు. పైవాళ్ళు సంతోషంగా ఉన్నారు. వచ్చే నెల నుంచి నువ్వు అకాడెమీలో కొత్తవాళ్ళకు క్లాసులు చెప్పాలి.”

“ఏ సబ్జెక్ట్ సార్?”

“తప్పు ఎక్కడుందో కనిపెట్టడం. నీకంటే బాగా ఎవరు చెప్తారు?”